గట్టు మీద పేర్చిన మావులు

డెబ్బై మూడు వరద వెళ్ళిన పన్నెండో ఏడు అది. మార్చి నెల. నీళ్ళు కరకట్టకి మూడడుగుల దిగువన నిలబడ్డాయి. ఎర్రరొయ్యలు పట్టేవాడికి అంతకన్నా మంచి నీళ్ళు దొరకవు. నా పడవ మాత్రం ఇంటి వెనక బోర్లా పడి ఉంది, ఏడాదిగా.

ఆ బుధవారం పొద్దున కూడా ఒదీల్ నాకు కాఫీ పొయ్యలేదు.

మంగళవారం పొయ్యలేదు. సోమవారం మధ్యాహ్నం లాయరమ్మ ఉత్తరం వచ్చింది. కాఫీ అప్పుడే ఆగింది. మా వైపు ఇంటికి వచ్చినవాడు పగవాడైనా ముందు కప్పు చేతిలో పెట్టి ఆ తర్వాత తిడతారు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఒదీల్ నన్ను తిట్టని వారం లేదు. కాఫీ ఆపిన వారం ఇదొక్కటే.

నా కప్పు బల్ల మీద బోర్లించి ఉంది. తన కప్పు నింపుకుని ఎదురుగా కూర్చుంది.

"మూడో రోజు అడుగుతున్నా. ఆ ఉత్తరంలో అడిగిందే నేనూ అడుగుతున్నా. కోర్టుకి ముందు ఎవరైనా వచ్చారా నీ దగ్గరికి?"

"ఎవరూ రాలేదు."

అది నిజమే. మనిషి ఎవరూ రాలేదు.

"మరి కోర్టులో అలా ఎందుకు చెప్పావు?"

"పొగమంచు."

"పొగమంచు," అంది. "పొగమంచులో అవతలి గట్టున కొంగ వాలితే, అది నిన్నటి కొంగో కొత్త కొంగో చెప్పే మనిషివి. నీ పడవకి ఇరవై బారల్లో ముగ్గురు మగాళ్ళు గొడ్డలి పట్టుకుని నిలబడితే నీకు మంచు అడ్డొచ్చింది."

నేను కప్పు అడుగున ఉన్న పువ్వు చూస్తూ కూర్చున్నాను.

"మాట్లాడు ముసలోడా."

మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు. ఆమెకీ కొత్త కాదు. ఆ మూడు రోజులు మాత్రం అది ఇద్దరికీ బరువుగా ఉంది.

ఆ గొడ్డలి పడింది మా పొరుగున రొయ్యలు పట్టే ఫెర్నెస్ట్ పడవ మీద. మా రేవులో సరుకు కొనే ప్రెజాన్, పైనా కిందా ఉన్న మరో రెండు రేవులవాళ్ళు, ముగ్గురూ ఒక్క మాట మీద ఉండేవాళ్ళు. ఎవడు ఎక్కడ అమ్మాలో, ఏ ధరకి అమ్మాలో వాళ్ళు చెప్పినట్టే జరగాలి. ఫెర్నెస్ట్ వినలేదు. టెక్సస్ నుంచి వచ్చే ట్రక్కుకి అమ్మాడు. నెల తిరక్కముందే అతని పడవ అడుగు పగిలి నీళ్ళలో కూర్చుంది. పట్నంలో పెద్ద కోర్టుకెక్కాడు. కేసు నడుస్తుండగానే గుండె ఆగి పోయాడు. అతని భార్య యూనా కేసు వదల్లేదు.

సాక్షిని నేనొక్కణ్ణే. ఎర వేయడానికి తెల్లవారుతూనే వెళ్ళి, గొడ్డలి పట్టుకున్నది ప్రెజాన్ అన్న కొడుకని చూశాను. చూసినట్టు ఫెర్నెస్ట్‌కి చెప్పాను కూడా. చెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజున మాత్రం మంచు అన్నాను. యూనా ఓడిపోయింది.

"నిన్న యూనాని కొట్లో చూశా," అంది ఒదీల్. "ప్రెజాన్ షెడ్డులోనే రొయ్యల తోకలు ఒలుస్తోంది ఇప్పుడు. వేళ్ళు పగిలి ఉన్నాయి. అయినా తనే ముందు పలకరించింది, బాగున్నావా ఒదీల్ అని. నేనేం చెప్పాలి? మా ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి, నోరే పోయిందని చెప్పనా?"

లేచి తన కప్పు కడిగేసింది. నా కప్పు బోర్లించినట్టే ఉంది.

పదకొండింటికి మా అమ్మాయి వెర్లీ వచ్చింది. ఇల్లు పక్క స్థలంలోనే. చేతిలో గిన్నె ఉంది, మూత మీద గుడ్డ కప్పి ఉంది. బల్ల మీది కప్పు చూసింది.

"ఇంకా కాఫీ బందేనా అమ్మా?"

"మీ నాన్ననడుగు."

"నాన్ననడిగితే ఏం చెప్తాడు. చెట్టునడిగితే అదైనా ఊగుతుంది." గిన్నె పొయ్యి పక్కన పెట్టింది. "నాన్నా, ఆ లాయరమ్మ ఇవాళ వస్తుందటగా. ఏమడిగినా అదే మాట చెప్పు. ఒకసారి చెప్పిన మాటే రెండోసారీ చెప్పు. ఏ కాయితం మీదా సంతకం పెట్టకు."

"నీకెందుకే అంత ఆత్రం?" అంది ఒదీల్.

"మా ఆయన డాల్టన్ నడిపే ట్రక్కు ఎవరిదమ్మా? ప్రెజాన్‌ది. మా పిల్లల కాళ్ళకి బూట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?"

"యూనాకీ పిల్లలున్నారు."

"వాళ్ళు పెద్దోళ్ళు. టెక్సస్‌లో ఉన్నారు."

"ఉంటే? టెక్సస్ వెళ్తే కాళ్ళుండవా?"

వెర్లీకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆ నవ్వు తల్లిదే. కోపంలో కూడా బయటికి రావాలని చూస్తుంది.

"యూనాకి అన్యాయం జరగలేదని నేననడం లేదు," అంది నెమ్మదిగా. "జరిగిపోయింది. ఇప్పుడు నాన్న నోరు తెరిస్తే ఫెర్నెస్ట్ లేచి వస్తాడా?"

"ఫెర్నెస్ట్ రాడు. నాకు నా మొగుడు తిరిగొస్తాడేమోనని చూస్తున్నా."

వెర్లీ గిన్నె మీది గుడ్డ తీసి మడిచింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది. చెప్పకుండానే వెళ్ళిపోయింది.

మూడింటికి యూనా తరపు లాయరమ్మ వచ్చింది. ఆమె పేరు సోన్యే. ముప్పై అయిదు దాటి ఉండవు. మా ఇళ్ళలో మాట్లాడుకునే పాత భాషే మాట్లాడింది, కానీ అది పుస్తకంలో నేర్చుకున్న మాట, బూట్లు తొడుక్కుని నడిచే మాట. నా చిన్నప్పుడు అదే మాట బడిలో మాట్లాడినందుకు మొక్కజొన్న గింజల మీద మోకాళ్ళేయించారు. మూడేళ్ళు మోకాళ్ళేసి బడి మానేశాను. ఇప్పుడు అదే మాట బడిలో డబ్బిచ్చి నేర్పుతున్నారట.

ఒదీల్ ఆమెకి కాఫీ పోసింది. నాకు పొయ్యలేదు. లాయరమ్మ నా కప్పు చూసి, తాగాలో మానాలో తెలియక ఆగింది.

"నువ్వు తాగమ్మా," అంది ఒదీల్. "అది ఇంటి సంగతి."

ఆమె ఒక గుక్క తాగి కలం తీసింది. "క్లియోఫా గారూ, సూటిగా అడుగుతాను. కోర్టుకి ముందు వారం మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?"

"నోటితో ఎవరూ ఏమీ అనలేదు."

"చేతితో?"

ఆ అమ్మాయికి అడగడం తెలుసు. నేను లేచాను. పెరట్లో కొట్టంలోకి వెళ్ళి, పై అరలో పందికొవ్వు డబ్బా వెనకనున్న డబ్బా దించాను. అందులోంచి కట్ట తీసి, తెచ్చి బల్ల మీద పెట్టాను.

నీలం గళ్ళ గుడ్డపీలికలు. అన్నీ కలిపి ఒక్క ముడి వేసి ఉన్నాయి.

ఒదీల్ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. అవి ఆమె పాత గౌను పీలికలే.

"ఇవేంటి?" అంది లాయరమ్మ. "చింపిన గుడ్డలా?"

ఆమెకి తెలియదు. పట్నంలో పుట్టింది. చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాదిలో నేను అంత సేపు మాట్లాడింది అప్పుడే.

మా మావులంటే కోళ్ళ దొడ్డికి వాడే తీగతో అల్లిన, రొయ్యలు చిక్కే బుట్టలు. నీటి అడవిలో చెట్టుకొకటి చొప్పున దించుతాం. ఏ మావు ఎక్కడుందో తెలియడానికి పైన కొమ్మకి గుడ్డపీలిక కడతాం. ఒక్కో ఇంటిది ఒక్కో గుడ్డ. ఫెర్నెస్ట్‌ది పసుపు. మాది నీలం గళ్ళు. పరాయి పీలిక కింద చెయ్యి పెట్టకూడదు. మనిషి పోయినప్పుడు తప్ప.

మనిషి పోతే, పాతిపెట్టే లోపల ఇరుగుపొరుగు పడవలేసుకుని వెళ్ళి అతని మావులన్నీ దించుకొస్తారు. అతని గట్టు మీద పేరుస్తారు. కొమ్మల మీది పీలికలన్నీ విప్పి, ఒక్క కట్టగా ముడేసి భార్య చేతికిస్తారు. ఫెర్నెస్ట్ పోయినప్పుడు పసుపు కట్ట యూనా చేతిలో పెట్టింది నేనే.

"సోమవారం కోర్టు," అన్నాను. "ముందు గురువారం తెల్లవారి వెళ్ళేసరికి నీళ్ళలో ఒక్క మావు లేదు. అన్నీ నా గట్టు మీద పేర్చి ఉన్నాయి. ఈ కట్ట నా పడవ ముందున్న మేకుకి వేలాడుతోంది."

లాయరమ్మ కట్టని ముట్టుకుని చూసింది. "అంటే మీరు చనిపోయినట్టు."

"ఊఁ."

"ఒదీల్ గారూ, మీకు తెలుసా ఇది?"

"మోకాళ్ళు నొప్పి, తనే దించుకొచ్చానన్నాడు," అంది ఒదీల్. ఆమె కళ్ళు కట్ట మీదే ఉన్నాయి. "ఏడాదిగా ఆ మోకాళ్ళకి కర్పూరం నూనె రాస్తున్నా."

లాయరమ్మ చకచకా రాసుకుంది. ముఖం వెలిగింది. "ఎన్ని మావులు విరిగాయి?"

"ఒక్కటీ విరగలేదు."

"తీగ కోశారా?"

"లేదు."

"పడవకి ఏమైనా?"

"పడవ మీద గీత పడలేదు."

ఆమె కలం బల్ల మీద పెట్టింది. ముఖంలో వెలుగు వచ్చినట్టే పోయింది.

"క్లియోఫా గారూ, కోర్టు గుమ్మం ఎక్కాలంటే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. నష్టపోయింది ఎవరు అని. ముఠా కట్టి బెదిరించి వ్యాపారం చేసేవాళ్ళ మీద ఒక చట్టం ఉంది. దాని కింద దావా వెయ్యాలంటే మీ ఆస్తికో, మీ పనికో దెబ్బ తగిలి ఉండాలి. భయం ఆస్తి కాదు. నిద్రపట్టకపోవడం ఆస్తి కాదు."

"ఏడాది నుంచి ఈ మనిషి నా ఇంట్లో దెయ్యంలా తిరుగుతున్నాడు," అంది ఒదీల్. "అదీ కాదా?"

"అదీ కాదమ్మా. ఒక్క మావు విరగ్గొట్టి ఉంటే దాన్ని పట్టుకుని వాదించేదాన్ని."

"అయితే మర్యాదగా బెదిరిస్తే కేసు లేదు," అన్నాను.

"మీకు లేదు." మళ్ళీ కలం తీసింది. "ఆగండి. మీ పడవ బోర్లా ఉంది. రొయ్యలు పట్టడం మానేశారా?"

"మానేశాను."

"ఎప్పటినుంచి?"

"అప్పట్నుంచే."

"ఈ కట్ట చూసి మానేశారా? అయితే అది మీ పనికి తగిలిన దెబ్బే. అప్పుడు మీకూ దావా ఉంటుంది. మీ మావులు దించినవాళ్ళ మీదా, దించమన్నవాళ్ళ మీదా."

అలా గట్టు మీదికి చేరిన మావుల్ని పోయినవాడు తన చేత్తో మళ్ళీ నీళ్ళలో దించకూడదు. అది మా అందరికీ తెలుసు. ఆమెకి తెలియదు. చెబితే చాలు. ఒదీల్ నా వైపు చూస్తోంది.

"మోకాళ్ళు," అన్నాను.

"క్లియోఫా గారూ."

"మోకాళ్ళ వల్లే మానేశాను."

లాయరమ్మ నిట్టూర్చి కాయితం తిప్పింది. "సరే. అయితే వినండి. ఇంకో పాత చట్టం ఉంది. సాక్షిని బెదిరించి ఈ పెద్ద కోర్టుకి నిజం రానివ్వకపోతే, దానివల్ల ఎవరి కేసు పోయిందో వాళ్ళు దావా వెయ్యొచ్చు. బెదిరింపు మీ గట్టు మీద జరిగింది. నష్టం యూనా గారింట్లో జరిగింది. అందుకని హక్కు ఆమెది. కానీ చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. చెప్పాల్సింది మీ దగ్గరుంది, మీకు హక్కు లేదు. మీ రెండిళ్ళ మధ్య ఉన్న ఆ రోడ్డు ఎవరో ఒకరు దాటాలి."

"ఎప్పటిలోగా?"

"ఆ చట్టానికి ఏడాదే గడువు. శుక్రవారం సాయంత్రం కోర్టు తలుపు మూసే లోపల."

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పింది. అబద్ధమాడానని నేను ఒప్పుకుంటే అబద్ధ ప్రమాణం కింద నా మీదే కేసు రావచ్చు. తను యూనా లాయరు, నా లాయరు కాదు. నోరు విప్పే ముందు నేను వేరే లాయర్ని అడగడం మంచిది. ఎవరి పేరో కాయితం మీద రాసిచ్చింది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్కటే ప్రశ్న. ప్రెజాన్ చెప్తేనే ఇది జరిగిందని చూపించాలి. అది చెప్పగలిగింది మావులు దించినవాడే. ఎవరో మీకు తెలుసా?"

కిటికీలోంచి వెర్లీ పెరడు కనిపిస్తోంది. తీగ మీద పిల్లల చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

"తెలియదు," అన్నాను.

కారు కరకట్ట ఎక్కి వెళ్ళేదాకా ఒదీల్ కదల్లేదు. తర్వాత కట్ట దగ్గరికి లాక్కుని ఒక పీలికని వేళ్ళతో సాఫు చేసింది.

"ఈ గౌను వెర్లీ పుట్టినప్పుడు కుట్టుకున్నా."

"తెలుసు."

"నాకు చెప్పి ఉండొచ్చుగా."

"చెప్తే ఏమనేదానివి?"

"వెళ్ళి నిజం చెప్పమనేదాన్ని."

"అందుకే."

ఆమె తలూపింది. కోపంతో కాదు. "ప్రెజాన్‌కి భయపడ్డావా?"

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. నా మౌనాలన్నీ ఆమెకి తెలుసు. ఇది ఏ రకమో తేల్చుకోలేక వంటింట్లోకి వెళ్ళింది.

సాయంత్రం భోజనాల వేళ వెర్లీ మళ్ళీ వచ్చింది, గిన్నె పట్టుకెళ్ళే వంకతో. పిల్లల్ని డాల్టన్ దగ్గర వదిలి వచ్చానంది. ఒదీల్ ఆమెకి కంచం పెట్టింది. అన్నం, పంది మాంసం పులుసు. ముగ్గురం కూర్చున్నాం.

"సంతకం పెట్టాడా?" అని అడిగింది.

"పెట్టలేదు," అంది ఒదీల్. "కానీ ఒకటి బయటికొచ్చింది. పోయినేడు కోర్టుకి ముందు ఎవరో మీ నాన్న పీలికలు విప్పి, కట్ట కట్టి పంపారు. పోయినవాడికి కట్టినట్టు."

వెర్లీ చెంచా ఆగింది. ఎవరు అని అడగలేదు. ఎప్పుడు అని అడగలేదు.

"భయపెట్టడానికి చేసుంటారు," అంది. "నీ చేతికి రాలేదుగా. పడవ మేకుకి తగిలించారు, అంతేగా."

ఒదీల్ రొట్టె తుంచబోయినది తుంచకుండా కింద పెట్టింది.

"మేకు సంగతి నేను చెప్పలేదు."

గోడ గడియారం చప్పుడు వినిపించింది. అది అంత గట్టిగా కొట్టుకుంటుందని నాకు తెలియదు.

"వెర్లీ. మేకు సంగతి నీకెవరు చెప్పారు?"

వెర్లీ కంచం వైపు చూస్తూ ఉండిపోయింది. మాట్లాడినప్పుడు గొంతు చిన్నపిల్లప్పటి గొంతులా ఉంది.

"ప్రెజాన్ డాల్టన్‌ని పిలిచి అడిగాడమ్మా. నువ్వెళ్తావా, మా అన్న కొడుకుని పంపనా అని. వాడెళ్తే గొడ్డలితో వెళ్తాడన్నాడు. డాల్టన్ ఏం చెయ్యాలి? ఒక్కడే వెళ్ళాడు. ఒక్క మావు వంగకుండా దించాడు. ఆ కట్ట నీ చేతికి రాకూడదని పడవకి తగిలించాడు. వచ్చి మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఆ రోజు నుంచి నాన్న ఎదురుపడితే తలెత్తలేదు. మీరు చూశారా? ఎవరూ చూడలేదు."

"మీ నాన్నకి..."

"నాన్నకి తెలియదు."

"తెలుసు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఒకదాని మీద ఒకటి ఏడేసి పేర్చాడు," అన్నాను. "అందరూ పదేసి పేరుస్తారు. పది పేరిస్తే కింది మావు నడుము వంగుతుంది. ఏడు మా నాన్న పద్ధతి. నేను నేర్పింది డాల్టన్ ఒక్కడికే."

వెర్లీ మెల్లగా ఏడవడం మొదలుపెట్టింది. ఒదీల్ ఆమెని ఓదార్చలేదు. నన్ను చూస్తోంది. నేను ఎవరికి భయపడలేదో ఇప్పుడు ఆమెకి తెలిసింది. ఎవరి కోసం భయపడ్డానో కూడా తెలిసింది. దానివల్ల ఆమె కోపం తగ్గిందో పెరిగిందో నాకు అర్థం కాలేదు.

"ఒక్క మావు విరగ్గొట్టి ఉంటే," అంది వెర్లీతో, "ఈ ముసలోడికి దావా ఉండేదట. లాయరమ్మ చెప్పింది. నీ మొగుడి మంచితనం అక్కడ కూడా పనికిరాలేదు."

"అమ్మా, ఆయన పేరు బయటికొస్తే జైలుకెళ్తాడు."

"డాల్టన్ పేరు నేను చెప్పను," అన్నాను.

"చెప్పకపోతే యూనా రెండోసారి ఓడిపోతుంది," అంది ఒదీల్. "ఒకసారి నీ వల్ల. ఇంకోసారి కూడా నీ వల్లే."

వెర్లీ కళ్ళు తుడుచుకుని లేచింది. గిన్నె మర్చిపోయి వెళ్ళింది. పెరట్లో ఆమె నడక వినిపించింది. తర్వాత వాళ్ళ తలుపు. తర్వాత డాల్టన్ గొంతు, ఒక్క మాట, ఏం మాటో తెలియలేదు.

ఒదీల్ గిన్నెలు కడిగింది. చివరగా నా కప్పు కూడా కడిగింది. మూడు రోజులుగా ఎవరూ తాగని కప్పు. తుడిచి ఈసారి నిలబెట్టి పెట్టింది. పొయ్యలేదు. ఉత్త కప్పు.

నేను పడుకుని ఆలోచించాను. ఫెర్నెస్ట్ గురించి కాదు, జైలు గురించి కాదు. లాయరమ్మ అన్న ఒక్క మాట గురించి. హక్కు ఆమెది అంది. ఏడాదిగా ఆ కట్ట నాకు వచ్చిందనే అనుకున్నాను. నా భయం, నా అల్లుడు, నా కూతురు, దాచుకుంటే నా ఇష్టం అనుకున్నాను. పరాయి పీలిక కింద చెయ్యి పెట్టకూడదని డాల్టన్‌కి నేర్పిన మనిషిని. యూనాకి దక్కాల్సిన సాక్ష్యం పట్టుకెళ్ళి కొవ్వు డబ్బా వెనక పెట్టుకున్నాను.

డాల్టన్ సంగతి మాత్రం తేలలేదు. అది నాది కాదు. అతనిది.

గురువారం పొద్దున ఒదీల్ కన్నా ముందు లేచాను. చొక్కా మార్చుకున్నాను, ఆదివారం ప్రార్థనకి వేసుకునేది. బల్ల మీది కట్ట తీసుకుని చంకలో పెట్టుకున్నాను. వెనక తలుపు తెరుస్తుంటే పడకగదిలోంచి గొంతు వినిపించింది.

"కాఫీ తాగి వెళ్తావా?"

"వచ్చాక."

మంచం కిర్రుమంది. ఆమె లేచి కూర్చుందని తెలిసింది.

పక్క పెరట్లో డాల్టన్ ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంజిను ఇంకా వెయ్యలేదు. నా చొక్కా చూశాడు. చంకలోని కట్ట చూశాడు. ఏడాది తర్వాత నా ముఖం కూడా చూశాడు.

"ఎక్కడికి మామా?"

"యూనా ఇంటికి."

చేతిలో తాళాల గుత్తి ఉంది, అది చప్పుడు చెయ్యలేదు. నేను ఆగలేదు. ఆగితే అతన్ని ఏదో అడిగినట్టవుతుంది. అడగదలుచుకోలేదు.

గవ్వల రోడ్డు మీద యూనా ఇల్లు పావు మైలు. అంత దూరం ఏడాదిలో నడవలేదు. మోకాళ్ళు ఏమీ అనలేదు.

జాలీ తలుపు అవతల యూనా నిలబడి ఉంది. షెడ్డుకి బయల్దేరినట్టుంది, రబ్బరు ఆప్రాన్ మడిచి చేతిలో పెట్టుకుంది. ఆమె చూపు ముందు కట్ట మీద పడింది.

"ఎవరు పోయారు?" అంది.

నేను కట్ట పైకెత్తి చూపించాను. తలుపుకి దగ్గరగా వచ్చింది.

"ఇవి ఒదీల్ గుడ్డలు."

"ఊఁ."

"నువ్వు నిలబడే ఉన్నావు క్లియోఫా."

"పోయిన మార్చిలో వచ్చాయి నాకు. సోమవారం కోర్టనగా గురువారం."

లాయరమ్మకి అరగంట పట్టింది. యూనాకి ఒక్క చూపు పట్టింది. ఆప్రాన్ ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. తియ్యలేదు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది, తెరవలేదు.

"మంచు లేదు," అన్నాను. "ఆ పొద్దున మంచు లేదు యూనా. అన్నీ కనబడ్డాయి."

ఏడాది పాటు దాచుకున్న తిట్లన్నీ ఆమె కళ్ళల్లో ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. నేను కదలకుండా నిలబడ్డాను. అవి నావే, తీసుకోవాలి.

అప్పుడు నా వెనక గవ్వల మీద చక్రాల చప్పుడైంది. ఇంజిను ఆగింది. తలుపు తెరుచుకుంది, మూసుకోలేదు.

యూనా నా భుజం మీదుగా చూసింది. "డాల్టన్," అంది. "నీ వెనక వచ్చాడు."

ఆపడానికి వచ్చాడో, ఇంకెందుకైనా వచ్చాడో నాకు తెలియదు. తిరిగి చూడలేదు. యూనా మెట్టు మీద కూర్చుని, కట్ట ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఒక మనిషికి చోటు వదిలి, డాల్టన్‌కి నేనే నేర్పిన ఆ ముడి విప్పడం మొదలుపెట్టాను.